రెండు వేళ్ళ తేడా

ఆ బండి నా దగ్గరకు వచ్చేనాటికి నా చేతిలో ఉన్నవి పదకొండు కార్లు పట్టే రేకుల షెడ్డు, ఇరవై రెండేళ్ళ వ్యాపారం, ఒక బావ. మూడింటిలోనూ విలువైనది బావే. పాత కార్ల వ్యాపారానికి షెడ్డు ఎవడైనా వేస్తాడు. కొన్నవాడు మూడో రోజున బండి తోసుకుంటూ వస్తే నిలబడి సమాధానం చెప్పే మనిషి దొరకడమే కష్టం. నాకు ఆ మనిషి మా అక్క మొగుడు.

ఆయన వర్క్‌షాపు నా షెడ్డుకు నాలుగు వీధుల అవతల ఉంది. అందరూ ఆయన్ని చెవిమాస్టారు అనేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొస ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, లోపల ఏ బేరింగు మూలుగుతోందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే అయ్యేది. నేను ఏ కారు కొన్నా ముందు ఆయన దగ్గరికి తీసుకువెళ్ళేవాణ్ణి. "మా బావ చూసిన బండి" అన్న మాటతో ఎన్ని కార్లు అమ్మానో లెక్క లేదు. ఆ మాటకు ఆయన నా దగ్గర ఏనాడూ పైసా పుచ్చుకోలేదు. "ఒరేయ్ బామ్మర్దీ, మీ అక్కని ఇచ్చారు కదరా, అడ్వాన్సు ముట్టినట్టే" అని నవ్వేవాడు.

ఆ బండికి పద్నాలుగేళ్ళు. మామూలు కార్లను రెండు చక్రాలే లాగుతాయి. దీన్ని నాలుగూ లాగుతాయి. ఇంజను బలం ఒక పొడుగు షాఫ్టు మీదుగా వెనక చక్రాలకూ వెళుతుంది. మధ్యలో కప్లింగ్ అని ఒకటుంటుంది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ వేగంలో చిన్న తేడా వస్తే సర్దుబాటు చేయడం దాని పని. బావ రెండు రోజులు చూసి, "గుండె గట్టిది, కాళ్ళు గట్టివి. చెప్పులు మాత్రం మార్చాలి" అన్నాడు. చెప్పులంటే టైర్లు. నాలుగూ అరిగిపోయి ఉన్నాయి.

నాలుగు కొత్తవి వేస్తే నా లాభమంతా టైర్ల కొట్టుకు పోతుంది. నా దగ్గర తుక్కు కింద కొన్న ఒక బండివి నాలుగు మంచి చక్రాలు ఉన్నాయి. అదే కంపెనీ, అదే సైజు, గ్రిప్పు నిండుగా ఉంది. వాటిలో రెండు ఈ బండికి ముందు వేశాను. కొనేవాడి చూపు మొదట పడేది అక్కడే. ఇంకో రెండు షెడ్డులో ఉన్న వేరే కారుకు వేశాను. ఈ బండికి వెనక మాత్రం అరిగిన టైర్లే ఉంచి, క్షవరం చేయించాను.

క్షవరం అన్నది మా వ్యాపారంలో మాట. అరిగిన టైరు గాడిలోకి వేడి కత్తి దించి ఇంకా లోతుగా చెక్కుతారు. పైన నల్లరంగు పూస్తారు. చూసినవాడు టైరు సగం కొత్తదే అనుకుంటాడు. నిజానికి లోపల మిగిలిన రబ్బరు ఇంకాస్త పలచబడుతుంది. బావకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు. అందుకే నా దగ్గర ఒక వరస ఉండేది: ముందు బావ చూపు, తర్వాత క్షవరం, ఆ తర్వాత అమ్మకం. ఈ వరస తప్పకుండా ఏడు కార్లు అమ్మాను. ఎనిమిదోది ఇది.

కొన్నది పశువుల డాక్టరమ్మ. రోడ్డు అయిపోయిన చోటు నుంచి ఆవిడ పని మొదలవుతుంది. వాగు దాటి, బురద దాటి, కొట్టాల దాకా వెళ్ళాలి. నాలుగు చక్రాలూ లాగే బండి కావాలని వెతుక్కుంటూ వచ్చింది. బండి చుట్టూ తిరిగి, వంగి, తట్టి, పశువును చూసినట్టే చూసింది.

"పళ్ళు కూడా చూడండి డాక్టరమ్మగారూ" అన్నాను.

"మీవి చూస్తున్నాగా. అవసరానికి మించి కనబడుతున్నాయి" అంది.

"మా బావ చూసిన బండి" అన్నాను. చెవిమాస్టారి పేరు ఆవిడకూ తెలుసు. మారు మాట్లాడకుండా తీసుకుంది.

పదకొండో రోజున ఆవిడ నా షెడ్డుకు రాలేదు. నేరుగా బావ వర్క్‌షాపుకు వెళ్ళింది. నాకు కబురు వస్తే నేనూ వెళ్ళాను.

"పొద్దున బయల్దేరినప్పుడు బుద్ధిగా ఉంటుంది మాస్టారూ. ఇరవై నిమిషాలు నడిచాక మొదలు. సందు తిరిగేటప్పుడు, గేటు లోపలికి నెమ్మదిగా వెళ్ళేటప్పుడు ఒకటే వణుకు. వేగం పెంచితే పోతుంది."

"వణికేది స్టీరింగా, సీటా?"

"సీటు. నడుము కింద. కడుపులో దూడ తన్నినట్టు."

బావ మొహం వెలిగింది. "చూడరా బామ్మర్దీ, రోగం చెప్పడమంటే ఇలా చెప్పాలి. నీ దగ్గర కొన్నవాళ్ళు వచ్చి 'ఏదోలా ఉందండీ' అంటారు. ఏదోలా అంటే నేనేం విప్పను?"

"నా పేషెంట్లు అదీ చెప్పవు లెండి" అంది డాక్టరమ్మ. ఆవిడకు ఆ వారం తిరగడానికి బావ తన సొంత కారు తాళాలు ఇచ్చేశాడు.

నేను హాయిగా ఇంటికి వెళ్ళాను. నడి వయసు బండి, ఏదో బేరింగు పోయి ఉంటుంది, బావ చూసుకుంటాడు అనుకున్నాను. టైర్ల సంగతి నాకు తట్టనే లేదు. ఇది ఒట్టు వేసి చెప్పగలను. ఈ కథలో నేను ఒట్టు వేసి చెప్పగల చివరి మాట కూడా ఇదే.

మొదటి రోజు బావ చక్రాల బ్యాలెన్సింగ్ చూశాడు, ఇంజను మౌంటింగులు చూశాడు. గాడి లోతు కొలిచే చిన్న గేజీ ఒకటి ఆయన జేబులోనే ఉంటుంది. నాలుగు టైర్లలోనూ దించి చూశాడు. ఏడు మిల్లీమీటర్లు, ఏడు, ఏడు, ఏడు. "చెప్పినట్టే మార్చాడు మావాడు, టైర్లు కవల పిల్లల్లా ఉన్నాయి" అని పక్కన పెట్టేశాడు. రెండో రోజు ఇరుసుల జాయింట్లు చూశాడు, షాఫ్టు మధ్య బేరింగు మార్చాడు. వణుకు పోలేదు. మూడో రోజు షాఫ్టే ఊడదీసి, ముందు చక్రాల మీదే బండి నడిపాడు. వణుకు పోయింది.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. షాఫ్టు నేల మీద గోనెసంచిపై పడుకుని ఉంది.

"దొరికిందిరా" అన్నాడు. "ముందూ వెనకా పడట్లేదు. ఒకే వంటింట్లో తోడికోడళ్ళలాగా. కప్లింగ్ మధ్యలో నలిగి వేడెక్కి బిగుసుకుపోతోంది. ఇరవై నిమిషాలు ఎందుకు పడుతోందంటే, ఇదే. వేడెక్కడానికి ఆ మాత్రం పడుతుంది."

"అయితే కప్లింగ్ పోయినట్టేగా?"

"పోయిందో, పోగొట్టారో. ముందు చక్రాలు ఒక దూరం, వెనక చక్రాలు ఒక దూరం నడుస్తుంటే ఏ కప్లింగ్ అయినా పోతుంది. టైర్లలో తేడా ఉంటే అలా అవుతుంది. కానీ టైర్లు కొలిచాగా. నాలుగూ ఏడే."

నా చేతిలో టీ గ్లాసు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టడానికి నాకు చోటు కనబడలేదు. గేజీ గాడి లోతును కొలుస్తుంది. గాడిని కత్తితో చెక్కారని దానికి తెలియదు. అరిగిన టైరు చిన్నదే, గాడి మాత్రం లోతు. బావను మోసం చేసింది బండి కాదు, నా క్షవరం.

అప్పుడు చెప్పడానికి అర నిమిషం చాలు. "బావా, వెనక టైర్లు కోయించినవి" అంటే అయిపోయేది. నాలుగు తిట్లు, నాలుగు టైర్లు. నేను నా లెక్క వేసుకున్నాను. చెప్తే డాక్టరమ్మకు తెలుస్తుంది. ఆవిడ తిరిగే ప్రతి కొట్టానికీ తెలుస్తుంది. అంతకుముందు అమ్మిన ఏడు కార్లు బయటికి వస్తాయి. చెప్పకపోతే, పాత కప్లింగ్ ఒకటి పడుతుంది, కొన్నాళ్ళు నడుస్తుంది. మొహమాటపడ్డ మనిషిలా మొహం పెట్టి, "కప్లింగ్ ఖర్చు నాది బావా" అన్నాను.

"ఎందుకురా? నీ తప్పేముంది ఇందులో" అన్నాడు. అన్నవాడు నా భుజం కూడా తట్టాడు.

నాలుగో రోజు నేనే తిరిగి కప్లింగ్ సంపాదించి తెచ్చాను. బావ బిగించాడు. ఐదో రోజు ఇద్దరం బండిలో వెళ్ళాం. పద్దెనిమిది నిమిషాలు, పంతొమ్మిది, ఇరవై. బావ వాచీ చూడటం మానేసి నా వైపు చూసి కన్ను కొట్టాడు. మలుపు దగ్గర బ్రేకు తొక్కి, స్టీరింగ్ పూర్తిగా తిప్పాడు. సీటు కింద వణుకు మొదలైంది. కొత్తగా బిగించిన దాంతో ఇంకా గట్టిగా వచ్చింది. బావ బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. తర్వాత కిందికి దిగి నన్ను నడపమన్నాడు.

వర్క్‌షాపు దగ్గర డాక్టరమ్మ కాచుకుని ఉంది. సంగతి విని విసుక్కోలేదు.

"మాకు చదువులో మొదటి రోజున చెప్పేది ఒకటుంది మాస్టారూ. రోగం ఎప్పుడు వచ్చిందని కాదు, దానికి ముందు మేతలో ఏం మారిందని అడగమంటారు." నా వైపు తిరిగింది. "అమ్మే ముందు ఈ బండిలో ఏమైనా మార్చారా?"

బావ కూడా నా వైపు చూశాడు. అడిగినందుకు నా తరఫున కాస్త నొచ్చుకున్నట్టే చూశాడు.

"బావ మార్చమన్న నాలుగు టైర్లూ మార్చి, కడిగించానండీ. అంతే" అన్నాను.

"మా వాడు బండికి ఏం చేసినా నాకు చెప్పకుండా చెయ్యడమ్మా" అన్నాడు బావ.

ఆ మాట తర్వాత అక్కడ ఉండలేక షెడ్డుకు వచ్చి, ఎవరో బేరానికి వస్తే సరిగా మాట్లాడకుండా పంపించేశాను. ఆ ఒక్క బేరం పోయినందుకే నాకు కోపం వచ్చింది. మనిషి తన తప్పును వదిలేసి పక్కవాటి మీద ఎలా కోపం తెచ్చుకుంటాడో ఆ రోజు బాగా చూసుకున్నాను.

మర్నాడు పది గంటలకు అక్క షెడ్డుకు వచ్చింది. అక్క ఎప్పుడూ షెడ్డుకు రాదు. కుర్చీ వేస్తే కూర్చోకుండా నిలబడే మాట్లాడింది.

"మీ బావ చెవి సంగతి నీకు చెప్పాడా?"

"ఏమైంది?"

"కుడి చెవి సగం పోయి ఏడాది దాటింది. నీకు చెప్పొద్దన్నాడు, నీ బేరాలు చెడతాయని. అరచెయ్యి ఆనించి చూసుకుంటున్నాడు ఇన్నాళ్ళూ. అరచెయ్యి చాల్లే, చెవి ఒట్టి అలంకారం అనేవాడు. ఇప్పుడు ఈ బండి వచ్చాక చెయ్యి కూడా అబద్ధం చెప్తోందంటున్నాడు. ఇది దొరక్కపోతే షట్టరు దించేస్తాడట."

"ఊరికే అంటాడు అక్కా."

"ఊరికే కాదు. స్పానర్లన్నీ తుడిచి పెట్టెలో సర్దుతున్నాడు. ఎవరైనా కొంటారేమో నిన్ను కనుక్కోమన్నాడు. నువ్వైతే మంచి బేరం చూస్తావని."

మా బావకు ఆ పని తప్ప ఇంకోటి రాదు. సరుకు తెమ్మంటే ఉప్పు మర్చిపోయి వస్తాడు. పెళ్ళిళ్ళకు వెళ్తే ఎవరితోనూ మాట్లాడలేక బయట ఆగి ఉన్న కార్ల దగ్గర నిలబడతాడు. ఆ షట్టరు దించితే ఆయన ఎక్కడ నిలబడాలో నాకు తోచలేదు.

అక్క వెళ్ళాక నేను మళ్ళీ లెక్క వేశాను. అప్పటికైనా నాకు తోచింది తప్పు ఒప్పుకోవడం కాదు. ఎవరికీ తెలియకుండా టైర్లు మార్చేస్తే వణుకు పోతుంది, బావ బాగుచేశాననుకుంటాడు, డాక్టరమ్మ బండి తీసుకుపోతుంది, నా పరువు నాకు మిగులుతుంది. అందరికీ లాభమే, నష్టం రెండు టైర్లు. ఇంత చక్కటి బేరం ఇరవై రెండేళ్ళలో కుదరలేదనిపించింది.

తుక్కు బండివి ఇంకో రెండు చక్రాలు షెడ్డులో వేరే కారుకు ఉన్నాయని చెప్పాను కదా, అవి ఊడదీశాను. ఒంటి గంటకు బావ భోజనానికి ఇంటికి వెళతాడు. షట్టరు సగం దించి, తాళం వెయ్యడు. ఆ సందున లోపలికి వెళ్ళి, జాకీ ఎత్తి, వెనక రెండు చక్రాలూ మార్చేశాను. పైన ప్లాస్టిక్ మూతలు పాతవే తగిలించాను. నేల మీద మట్టి తీసి కొత్త టైర్లకు రుద్దాను. ఊడదీసిన రెండూ నా కారు డిక్కీలో పెట్టుకున్నాను. పావుగంటలో పని అయిపోయింది. యాభై ఒక్క ఏళ్ళ మనిషిని, సొంత బావ కొట్లో మోకాళ్ళ మీద పాక్కుంటూ దొంగలా చక్రాలు మార్చాను. చొక్కా దులుపుకుంటుంటే గోడకున్న అద్దంలో మొహం కనబడింది. చూసుకోలేదు.

రెండున్నరకు డాక్టరమ్మ వచ్చింది. నేను "ఇంకోసారి నడిపి చూద్దాం బావా, చల్లబడ్డాక ఒక్కోసారి సర్దుకుంటుంది" అన్నాను. ముగ్గురం బయల్దేరాం. బావ నడిపాడు. ఎడమ చెయ్యి స్టీరింగ్ మీద, కుడి చెయ్యి సీటు మీద. ఇరవై నిమిషాలు, ముప్ఫై, నలభై. గుండ్రంగా తిప్పాడు, నెమ్మదిగా తిప్పాడు, వెనక్కి పోనిచ్చాడు. బండి పాల మీద మీగడలా సాగింది.

"పోయింది మాస్టారూ. ఏం చేశారు?" అంది వెనక సీటులోంచి డాక్టరమ్మ.

"ఏమీ చెయ్యలేదమ్మా" అన్నాడు బావ.

"ఏదో చేసే ఉంటారు. పోయిందిగా."

"నేను ఏమీ చెయ్యకుండా ఎందుకు పోతుంది?"

వర్క్‌షాపులో బండి ఆపాడు. దిగి, అరచెయ్యి బానెట్ మీద పెట్టాడు, తలుపు మీద పెట్టాడు, తర్వాత తన తొడ మీదే పెట్టుకుని చూసుకున్నాడు.

"పోలేదమ్మా అది. ఉంది. నాకే తెలియట్లేదు."

"నాకూ తెలియట్లేదుగా మాస్టారూ."

"మీరు వెనక కూర్చున్నారు. నిన్న ఉన్నది ఈ రోజు దానంతటది పోదు. చెవి పోయింది, చెయ్యీ పోయింది. ఈ బండి నేను ఇవ్వను. వాగులో ఆగిపోతే నాది పూచీ." నా వైపు తిరిగాడు. "ఒరేయ్, పనిముట్లకు ఎవరైనా దొరికారా?"

ఈ తిరుగుడు నా లెక్కలో లేదు. జబ్బు పోతే వైద్యుడు సంతోషిస్తాడనుకున్నాను. తన చేతుల మీదుగా పోని జబ్బు ఆయన్ని ఇలా చేస్తుందని తెలియలేదు. నాకు బేరాలు తెలుసు కానీ పని తెలియదు. పని తెలిసినవాడికి కారణం కావాలి.

"నేను టైర్లు మార్చాను" అన్నాను.

బావకు వినబడలేదు. ఆయన కుడి పక్కన నిలబడి ఉన్నాను. ఆ మాట ఒక్కసారి అనడానికే నా ఒంట్లో ఉన్న బలమంతా అయిపోయింది. ఎడమ పక్కకు వెళ్ళి మళ్ళీ అనాల్సి వచ్చింది.

"ఎప్పుడు?"

"మధ్యాహ్నం. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడు. వెనక రెండూ."

"ఎందుకు?"

"ముందున్నవి కోయించినవి బావా. కాదు, వెనకవి. ముందు, అంటే ఇంతకుముందు ఉన్నవి." మాట తడబడింది. "అరిగిపోయినవాటికి గాడి కోయించాను. అందుకే నీ గేజీలో ఏడు వచ్చింది."

డాక్టరమ్మ ముందుగా మాట్లాడింది, గొంతు పెంచకుండానే.

"అంటే పదకొండు రోజులు ఆ టైర్ల మీదే వాగు దాటానన్నమాట. బండిలో మా అమ్మాయి కూడా ఉండేది రెండుసార్లు."

బావ అడిగాడు, "ఎక్కడున్నాయి అవి?"

"డిక్కీలో."

"తే."

తెచ్చాను. తిడతాడనుకున్నాను. చెయ్యి చేసుకుంటాడేమోనని కూడా అనుకున్నాను, చేసుకుంటే బాగుండుననుకున్నాను. ఆయన బండి వెనక చక్రం ఒకటి ఊడదీయించి, సుద్దముక్క నా చేతికిచ్చాడు. మంచి టైరు మీద ఒక గీత గీసి, నేల మీద ఒక గీత గీసి, ఒక పూర్తి చుట్టు దొర్లించమన్నాడు. చుట్టు అయిన చోట నేల మీద ఇంకో గీత. తర్వాత కోయించిన టైరును అదే చోట నుంచి దొర్లించమన్నాడు. మొదటిసారి టైరు పక్కకు పోయింది. మళ్ళీ చెయ్యమన్నాడు. మూడోసారికి సరిగా వచ్చింది. రెండు గీతలకూ మధ్య రెండు వేళ్ళ తేడా ఉంది.

బావ గొంతుక్కూర్చుని ఆ రెండు గీతల మధ్య తన వేళ్ళు పెట్టి చూశాడు.

"చుట్టుకి ఇంత. కిలోమీటరుకి అయిదు వందల చుట్లు. పదిహేడు మీటర్లు" అన్నాడు డాక్టరమ్మతో. "ప్రతి కిలోమీటరుకీ ముందూ వెనకా పదిహేడు మీటర్లు పేచీ పడుతున్నాయమ్మా. కప్లింగ్ ఏం చేస్తుంది పాపం." తర్వాత నాతో, "ఇవి మళ్ళీ బిగించు" అన్నాడు.

"ఏవి?"

"కోసినవి. బిగించు."

బాగైన బండికి చేజేతులా రోగం తగిలించాను. డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుని చూసింది. నట్లు బిగిస్తుంటే బావ సాయం రాలేదు. మళ్ళీ ముగ్గురం వెళ్ళాం, ఈసారి రోడ్డు బాగున్న చోటనే. ఇరవై నిమిషాలకు మలుపు దగ్గర సీటు కింద మొదలైంది. బావ బండిని నడక వేగానికి తగ్గించి, ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. అరచెయ్యి సీటు మీద ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"వచ్చింది" అన్నాడు. "ఇదిగో. ఇక్కడ. నా చేతికి తెలుస్తోంది."

"నా నడుముకీ తెలుస్తోంది" అంది డాక్టరమ్మ. ఇద్దరూ నవ్వారు. చిన్నపిల్లల్లా నవ్వారు. పోయిన మనిషి తిరిగి వచ్చినట్టు బావ ఆ వణుకు పోకుండా బండిని అక్కడక్కడే గుండ్రంగా తిప్పుతూ ఉండిపోయాడు. నేను పక్క సీటులో కూర్చుని ఉన్నాను. నా వైపు ఇద్దరూ చూడలేదు.

డాక్టరమ్మ బండి వెనక్కి ఇవ్వలేదు. నాలుగు కొత్త టైర్లు, కొత్త కప్లింగ్ నా ఖర్చుతో వేయించుకుంది. వెళ్ళేముందు ఒక్కటే అడిగింది.

"ఇంకెంతమందికి వేశారు ఇలాంటివి?"

"ఏడుగురికి."

"అడ్రసులున్నాయా?"

ఉన్నాయి. నేను లెక్కలు రాసుకునే మనిషిని.

ఏడు ఇళ్ళకూ వెళ్ళాను. గుమ్మంలో నిలబడి ఏం చెప్పాలో మొదటి ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా కూడబలుక్కున్నాను. అక్కడికి వెళ్ళాక అది పనికిరాలేదు. ఒక ముసలాయన కుర్చీ వేసి మంచినీళ్ళు ఇచ్చాడు, అది తిట్టుకన్నా కష్టమైంది. ఒకావిడ సగం విని తలుపు వేసేసింది. ఒకతను టైర్లు ఎప్పుడో మార్చేశానని, కొన్న నెలకే ఒకటి పగిలిందని, ఎవరికీ ఏమీ కాలేదని చెప్పాడు. ఏమీ కాలేదన్న మాట విని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. తలుపు వేసేసినావిడతో కలిపి అయిదుగురికి టైర్లు వేయించాను. ఏడో అతను ఇల్లు మారిపోయాడు. ఎక్కడికో ఎవరికీ తెలియదు. ఆ బండి ఇప్పుడు ఏ రోడ్డు మీద ఉందో, దాని వెనక టైర్లు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. ఆ పద్దు మూయలేదు.

బావ షట్టరు దించలేదు. స్పానర్లు పెట్టెలోంచి మళ్ళీ గోడ మీదికి ఎక్కాయి. చెవి సంగతి ఇప్పుడు దాచడం లేదు. "ఎడమ పక్కకు వచ్చి చెప్పండి" అని వచ్చినవాళ్ళకు తనే చెబుతాడు. టైర్లు గేజీతో పాటు సుద్దముక్కతో కూడా చూస్తాడు.

నేను కొన్న బండ్లు ఇప్పటికీ ఆయన దగ్గరికే తీసుకువెళతాను. చూడనని ఏనాడూ అనలేదు. మునుపటికన్నా జాగ్రత్తగానే చూస్తాడు. చూసి, బిల్లు రాసి ఇస్తాడు. నేను డబ్బు ఇస్తే లెక్కపెట్టుకుని సొరుగులో వేసుకుంటాడు. ఒకసారి అక్క మధ్యలో కలగజేసుకుని, "తమ్ముడి దగ్గర కూడానా?" అంది. ఆయన విననట్టు ఊరుకున్నాడు. అక్క నిలబడి ఉన్నది ఎడమ పక్కనే.

మొత్తం మీద పోయినది పోగా ఆ బండి వల్ల నాకు వచ్చింది ఇది. గుమ్మంలో నేను కనబడగానే బావ లేచి నిలబడతాడు, గుడ్డతో స్టూలు తుడుస్తాడు, "రండి, కూర్చోండి, ఏం తెచ్చారు ఇవాళ?" అంటాడు. ముప్ఫై ఏళ్ళు ఒరేయ్ అన్నవాడి నోట ఆ 'రండి' సంపాదించాను.